పక్షుల ఫొటోలు తీయడం ఎలా? ఊరి చెరువు నుంచి మొదలుపెడదాం

పక్షుల ఫొటోలు తీయాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది లెన్స్ గురించి. ఆ సంగతి మూడో అడుగులో వస్తుంది. అంతకంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పక్షికి మనం ఎంత దగ్గరగా ఉండొచ్చో నిర్ణయించేది లెన్స్ కాదు, ఆ పక్షే. ఖరీదైన 600 ఎంఎం లెన్స్‌తో (ఈ అంకె పెరిగేకొద్దీ పక్షి దగ్గరగా కనిపిస్తుంది) బండి ఆపి హడావిడిగా తీసిన ఫొటో కంటే, 300 ఎంఎంతో గట్టు మీద గంటసేపు కదలకుండా కూర్చుని తీసిన ఫొటో చాలాసార్లు బాగుంటుంది. అందుకే ఇక్కడ పక్షి ముందు, కెమెరా తర్వాత.

మొదటి అడుగు: ఒక్క చెరువును పట్టుకోండి

నేలపట్టు, పులికాట్, కొల్లేరు లాంటి పేరున్న పక్షుల చోట్లు ఎక్కడికీ పోవు. మొదట కావాల్సింది ఇంటి నుంచి అరగంటలో చేరగలిగే చోటు, వారానికోసారైనా వెళ్లగలిగే చోటు. ఊరి చెరువు, కుంట, పంటకాలవ ఏదైనా సరే. హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. గండిపేట, హిమాయత్‌సాగర్ అంచులూ మంచివే. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుల్లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోవాళ్లకు అలవాటుపడి చాలా దగ్గరగా కనిపిస్తాయి. పెద్దవి, నిదానంగా ఎగిరేవి కాబట్టి కొత్తవాళ్ల చేతికి అంతకంటే మంచి పాఠం దొరకదు. శ్రీకాకుళం వైపు తేలినీలాపురం కూడా అలాంటి ఊరే.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తే ఏ కొమ్మ మీద లకుముకి కూర్చుంటుందో, ఏ మూల నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయో తెలిసిపోతుంది. వెలుతురు లెక్క కూడా అర్థమవుతుంది. ఉదయం మీరు చెరువుకు తూర్పు ఒడ్డున ఉంటే సూర్యుడు వీపు వెనక ఉంటాడు. సాయంత్రానికి పడమటి ఒడ్డు కావాలి. కట్ట ఎటువైపు ఉంది, అక్కడికి దారి ఉందా, గట్టు ఎత్తు ఎంత అన్నది ముందే చూసుకోండి.

చాలామంది కట్ట మీదే ఆగిపోతారు. అక్కడి నుంచి చూపు కిందికి పడుతుంది, పక్షి నీళ్లకు అతుక్కుపోయినట్టు వస్తుంది. కట్టకు ఎదురుగా, నీళ్లు పలచబడే శిఖం (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేల) వైపు వెళ్లండి. సంక్రాంతి దాటాక చెరువు తగ్గుతున్నకొద్దీ బురద బయటపడుతుంది. వలస వచ్చిన ఉల్లంకి పిట్టలు, కొంగలు, తీతువులు చేరేది అక్కడే. శిఖంలో పంట వేసిన రైతు ఉంటే ఒక మాట చెప్పి దిగండి. చేపలు పట్టేవాళ్లతో, గొర్రెల కాపరులతో కాసేపు మాట్లాడండి. ఏ యాప్ చెప్పని సంగతులు వాళ్లు చెప్తారు.

రెండో అడుగు: ఐదారు పక్షుల అలవాట్లు నేర్చుకోండి

లెన్స్ కంటే ముందు 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 ఎంఎం) కొనమంటాను. లెన్స్ ధరలో చిన్న వంతుకే వస్తుంది, చూడటం నేర్పుతుంది. ఫోన్‌లో మెర్లిన్, ఈబర్డ్ యాప్‌లు పెట్టుకోండి. రెండూ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షి పరిశోధన కేంద్రానివి, ఉచితం. మెర్లిన్ ఫొటో చూసి, కూత విని పేరు చెప్తుంది. ఒక్కోసారి తప్పు కూడా చెప్తుంది, గుడ్డిగా నమ్మొద్దు. మీ చుట్టుపక్కల ఏ నెలలో ఏ పక్షి కనిపిస్తోందో ఈబర్డ్‌లో చూడొచ్చు.

పేర్లు నెమ్మదిగా వస్తాయి. ఫొటోకు పనికొచ్చేది అలవాటు. పసిరిక పిట్టను చూడండి. తీగ మీంచి ఎగిరి గాలిలోనే తేనెటీగను పట్టి, తిరిగి చాలాసార్లు అదే తీగ మీదికి వస్తుంది. పురుగును తీగకేసి కొట్టి, కొండి వదిలించి మింగుతుంది. ఇది తెలిసినవాడు ఎగిరే పిట్ట వెంట కెమెరా తిప్పడు. తీగ మీద ఫోకస్ పెట్టుకుని తిరిగొచ్చేదాకా ఆగుతాడు. పసుల పోలిగాడి పద్ధతీ ఇంచుమించు ఇదే. పశువుల వెనకో, దుక్కి దున్నే ట్రాక్టర్ వెనకో తప్పకుండా ఉంటాడు. పొలం దమ్ము చేసే రోజు తెల్లకొంగలు పదుల్లో చేరతాయి, ట్రాక్టర్‌ను లెక్కచేయవు. ఆ ఒక్క ఉదయం కొంగల ఫొటోలకు ఏ అభయారణ్యానికీ తీసిపోదు.

నలుపు తెలుపు మచ్చల లకుముకి నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, చేప కనబడగానే నిటారుగా దూకుతుంది. ఎగిరే పక్షిని తీయడం నేర్చుకోవడానికి దానంత సహనం ఉన్న గురువు ఇంకోటి లేదు, ఎందుకంటే గాలిలో ఆగి మనకు ఫోకస్ చేసే సమయం ఇస్తుంది. గుడ్డికొంగ మిగతా ఏడాదంతా మట్టిరంగులో కనబడకుండా కూర్చుని, వానాకాలంలో గూడు కట్టే వేళకు వీపు మీద ముదురు మెరూన్ రంగు తొడుక్కుంటుంది. ఒకే చెరువులో ఒకే పక్షిని రెండు కాలాల్లో తీసి పక్కపక్కన పెట్టండి, ఎంత బాగుంటుందో.

పాలపిట్ట సంగతి వేరే. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరాకు చూడాలని అందరూ వెతికే పిట్ట. కూర్చున్నప్పుడు ఓ మాదిరి గోధుమరంగు, రెక్క విప్పిందంటే నీలాలు. అందుకని కూర్చున్న ఫొటో రెండు తీసి, రెక్క విప్పే క్షణం కోసం ఆగాలి. తీగ మీంచి నేల మీది మిడత కోసం దూకే ముందు తల కిందికి వంచి గురిచూస్తుంది, అదే సూచన. ఫిబ్రవరి నుంచి జత కట్టే రోజుల్లో గాలిలో పల్టీలు కొడుతుంది. కరెంటు తీగ మీద పక్షి ఫొటో బాగుండదని కొందరంటారు. నేను ఒప్పుకోను. మన పాలపిట్ట బతుకులో తీగ ఒక భాగం, తీగ శుభ్రంగా ఒక గీతలా వచ్చేట్టు నిలబడి తీస్తే చాలు.

పూల చెట్ల లెక్క కూడా రాసుకోండి. చలికాలం చివర బూరుగు, ఆ తర్వాత మోదుగ పూస్తాయి. ఆకుల్లేని కొమ్మలు, ఎర్రటి పూలు, తేనె కోసం గోరింకలు, పికిలి పిట్టలు, తేనెపిట్టలు, వలస వచ్చిన రోజీ స్టార్లింగులు. మర్రి, రావి పండే రోజుల్లో కోకిలలు, పచ్చపావురాలు కాయల మీదే ఉంటాయి. చెట్టును కనిపెడితే పక్షి వెంట తిరిగే పని తప్పుతుంది.

మూడో అడుగు: లెన్స్, కెమెరా

చిన్న పక్షులకు కనీసం 400 ఎంఎం, కొంగలు, గూడబాతుల లాంటి పెద్ద పక్షులకు 300 ఎంఎం ఉంటే పని నడుస్తుంది. క్రాప్ సెన్సర్ కెమెరా (బొమ్మను పట్టే సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నగా ఉండేది) అయితే 400 ఎంఎం లెన్స్ ఫ్రేమ్‌లో 600 ఎంఎం అంత దగ్గరగా కనబడుతుంది. ఈ హాబీకి ఫుల్ ఫ్రేమ్ తప్పనిసరి కాదు, తక్కువ బడ్జెట్‌లో క్రాప్ సెన్సరే నయం.

సిగ్మా, టామ్రాన్ 150–600 లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. నికాన్ 200–500 కూడా. ఇవన్నీ రెండు కిలోల అటూ ఇటూ బరువు. చేతిలో పట్టుకుని ఒక పావుగంట తిప్పి చూసి కొనండి. బరువు మోయలేక ఇంట్లో వదిలేసే లెన్స్ కంటే, కెనాన్ ఆర్ఎఫ్ 100–400 లాంటి 635 గ్రాముల లెన్స్ మేలు. వెలుతురు తగ్గితే అది ఇబ్బందిపెడుతుంది, కానీ రోజూ భుజాన ఉంటుంది. నికాన్ పీ900 లాంటి బ్రిడ్జ్ కెమెరాలో (లెన్స్ మార్చలేని, పెద్ద జూమ్ ఉన్న కెమెరా) 2000 ఎంఎంకు సమానమైన జూమ్ ఉంది. కూర్చున్న పక్షికి భేష్. ఎగిరే పక్షికి దాని ఫోకస్ అందుకోలేదు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించి జూమ్ పెంచే టెలీకన్వర్టర్ జోలికి మొదట్లో వెళ్లకండి. 1.4 రెట్లది ఒక స్టాప్ వెలుతురు, 2 రెట్లది రెండు స్టాప్‌లు తినేస్తుంది. ఒక స్టాప్ పోయిందంటే వెలుతురు సగమైనట్టు.

మూడు కాళ్ల ట్రైపాడ్ కంటే ఒంటికాలి మోనోపాడ్ సుఖం. కారులో ఉంటే కిటికీ అంచు మీద బియ్యమో ఇసుకో నింపిన సంచి పెట్టి లెన్స్ ఆనించండి. ఇంజిన్ ఆపేయడం మర్చిపోవద్దు.

నాలుగో అడుగు: సెట్టింగులు

మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ. షట్టర్ (వెలుతురు లోపలికి వచ్చే సమయం), ఎపర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు) మీరు పెట్టండి, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) సంగతి కెమెరాకు వదిలేయండి. ఎపర్చర్ లెన్స్ ఇచ్చేంత వెడల్పుగా, అంటే ఎఫ్ 5.6 లేదా 6.3 దగ్గర ఉంచండి. ఇక షట్టర్ స్పీడ్ (సెకనులో ఎన్నో వంతు), మొదలుపెట్టడానికి:

- కదలకుండా కూర్చున్న కొంగ: 1/500
- కొమ్మ మీద గెంతే చిన్న పిట్ట: 1/1000 పైన
- ఎగిరే గూడబాతు, కొంగ: 1/1600
- లకుముకి, పసిరిక పిట్ట ఎగిరేటప్పుడు: 1/3200

ఐఎస్ఓ పెరుగుతుందని టెన్షన్ పడి షట్టర్ తగ్గించడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పని. దానితో వచ్చే నాయిజ్‌ను (ఫొటోలో గరుకు చుక్కలను) ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో తగ్గించొచ్చు. కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు.

ఫోకస్ కంటిన్యువస్‌లో, అంటే కదిలే పక్షిని వెంబడించేలా ఉండాలి. సోనీ, నికాన్‌లో ఏఎఫ్-సీ అంటారు, కెనాన్‌లో సర్వో. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో పక్షి కన్ను గుర్తుపట్టే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. పాత డీఎస్ఎల్ఆర్ అయితే ఒకే పాయింట్ పెట్టి కంటి మీద ఉంచండి. కన్ను షార్ప్‌గా లేని పక్షి ఫొటోలో మిగతాదంతా ఎంత బాగున్నా చూపు నిలవదు.

కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చేసే మోసం ఒకటి తెలుసుకోవాలి. అది ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగుగా చూడాలనుకుంటుంది. పచ్చటి వరి మధ్య తెల్లకొంగ ఉంటే చీకటి ఎక్కువని అనుకుని వెలుతురు పెంచుతుంది, కొంగ ఈకలు తెల్లటి మచ్చగా మారిపోతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను మనం సరిదిద్దే బటన్) మైనస్ 1 దాకా దించండి. తెల్లటి ఆకాశం ముందు గద్ద ఎగురుతుంటే దీనికి తలకిందులు, ప్లస్ 1 లేదా అంతకంటే ఎక్కువ. తీసిన వెంటనే హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) చూసే అలవాటు చేసుకోండి. రా ఫైల్ (కెమెరా కుదించకుండా దాచే ఫొటో) తీస్తే తర్వాత సర్దుకోవడానికి కాస్త చోటు ఉంటుంది.

ఐదో అడుగు: ఎండ, గాలి

సూర్యోదయం తర్వాత రెండు గంటలు, అస్తమయానికి ముందు గంటన్నర. మిగతా సమయంలో ఎండ నెత్తి మీద ఉండి కంటికింద నీడ పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. నేల వేడెక్కాక గాలి అలలు అలలుగా కదులుతుంది, పొడవు లెన్స్‌లో పక్షి అంచులన్నీ కరిగినట్టు వస్తాయి. ఫోకస్ పోయిందనుకుని లెన్స్‌ను తిట్టుకుంటాం. అది లెన్స్ తప్పు కాదు, దానికి మందు లేదు. పులికాట్‌లో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీంచి దూరంగా కనిపించే ఫ్లెమింగోలను మధ్యాహ్నం తీసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. దూరపు పక్షిని పొద్దున్నే తీయాలి, లేదా దగ్గరికి వచ్చేదాకా ఆగాలి.

గాలి గురించి తక్కువమంది ఆలోచిస్తారు. పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. అంటే గాలి మీ వీపుకు తగులుతుంటే దిగే పక్షి ముఖం మీవైపు ఉంటుంది. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన దగ్గర గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. ఉదయం తూర్పు ఒడ్డున నిలబడితే ఎండా, గాలీ రెండూ వెనక నుంచే. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి. ఆ నెలల్లో ఎగిరే పక్షులకు సాయంత్రం పడమటి ఒడ్డు మంచిది. సముద్రతీరంలో ఈ లెక్క పూర్తిగా పనిచేయదు, ఉదయం నేల మీంచి, మధ్యాహ్నం నీళ్ల మీంచి గాలి వస్తుంది. ఇంత ఆలోచించడం ఇష్టం లేకపోతే గుప్పెడు దుమ్ము ఎగరేసి చూడండి.

ఆరో అడుగు: దగ్గరికి చేరడం

తెల్లచొక్కా, మెరిసే టోపీ వద్దు. మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ సరిపోతాయి, సైనికుల దుస్తులు అక్కర్లేదు. పక్షివైపు నేరుగా నడవకండి. వంకరగా, వేరే పని మీద వెళ్తున్నవాడిలా, మధ్యమధ్యలో ఆగుతూ, కంటిలోకి సూటిగా చూడకుండా వెళ్లండి. ప్రతిసారి ఆగినప్పుడు రెండు మూడు ఫొటోలు తీసుకోండి, తర్వాతి అడుగుకు ఎగిరిపోతే చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

పక్షి మనకు ముందే చెప్తుంది. మేత ఆపేసిందా, మెడ చాచిందా, ఒంటిని బిగించిందా, అక్కడే ఆగిపోండి. మళ్లీ మేత మొదలుపెట్టేదాకా కదలొద్దు. ఎగరబోయే కొంగ, గద్ద చాలాసార్లు రెట్ట వేసి లేస్తాయి. అది కనబడగానే వేలు బటన్ మీదికి వెళ్లాలి.

అసలు దగ్గరికి వెళ్లకుండా ఉండటమే అన్నిటికంటే మంచి పద్ధతి. తెల్లవారకముందే తుంగ పక్కన, నీడలో కూర్చుని కదలకుండా ఉంటే పక్షులే మేస్తూ మేస్తూ దగ్గరికి వస్తాయి. చీకట్లో గట్టు మీద నడిచేటప్పుడు టార్చ్, గమ్‌బూట్లు ఉండాలి, పాములు ఉంటాయి. చెరువు బురద లోతు తెలియకుండా దిగొద్దు, ఎవరికైనా చెప్పి వెళ్లండి.

కూర్చున్నాక కెమెరాను పక్షి కంటి ఎత్తుకు దించండి. నీటి అంచున తిరిగే పిట్టకైతే పొట్ట మీద పడుకోవాల్సిందే. అలా పడుకున్నప్పుడు వెనక ఒడ్డు దూరంగా జరిగి మసకబారుతుంది, పిట్ట ఒక్కటే నిలబడుతుంది. ఒక అడుగు కుడికో ఎడమకో జరిగితే వెనకున్న ప్లాస్టిక్ కవరో, కరెంటు స్తంభమో తప్పుకోవచ్చు. నొక్కే ముందు ఫ్రేమ్ అంచుల్ని ఒకసారి చూడండి.

ఏడో అడుగు: ఎగిరే పక్షి

పెద్ద పక్షితో మొదలుపెట్టండి. ఉప్పలపాడులోనో, కైకలూరు దగ్గర ఆటపాకలోనో గూడబాతు వస్తున్న దారి చాలా ముందే తెలుస్తుంది. దూరంలో ఉండగానే ఫ్రేమ్‌లోకి తెచ్చుకుని, నడుము నుంచి తిరుగుతూ దానితో పాటు వెళ్లండి. తీసి ఆపేయకుండా ఇంకాస్త దూరం కెమెరాను కదపండి. జూమ్ మొత్తం లాగొద్దు, కాస్త వెడల్పుగా ఉంచితే రెక్కలు తెగవు. పక్షి వెళ్లే వైపు ఖాళీ వదలండి. సైలెంట్ షట్టర్‌తో తీస్తే కొన్ని కెమెరాల్లో వేగంగా ఆడే రెక్కలు వంకర్లు పోతాయి, అలాంటిచోట మెకానికల్ షట్టర్ వాడండి.

ఎనిమిదో అడుగు: చేయకూడనివి

గూళ్ల ఫొటోలు వద్దు. అడ్డం వచ్చిన కొమ్మ నరికితే గూడు ఎండకూ, కాకి కంటికీ బయటపడుతుంది. తల్లి దూరంగా ఉన్నంతసేపూ పిల్లలు ఎండకు మాడిపోతాయి. చాలా పోటీలు గూటి ఫొటోలను అసలు తీసుకోవు. నేలపట్టు, తేలినీలాపురంలాంటి చోట్ల కాలనీలను నడిచే దారి నుంచీ, వాచ్‌టవర్ నుంచీ తీస్తే సరిపోతుంది.

తీతువు నెత్తిమీద తిరుగుతూ అరుస్తోందంటే మీరు దాని గుడ్ల దగ్గర ఉన్నట్టు. నేల మీదే పెడుతుంది, గులకరాళ్లలా కలిసిపోతాయి. వెతకొద్దు, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి.

ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పించడం ఇప్పుడు మామూలైపోయింది. తన హద్దులోకి ఇంకో మగపక్షి వచ్చిందనుకుని అది మేత, జత వదిలేసి వెతుక్కుంటుంది. గుంపుగా వచ్చిన ప్రతివాళ్లూ అదే చేస్తే ఆ పక్షికి రోజంతా అదే పని. దసరాకు పాలపిట్టను పట్టి, ఎగరకుండా చేసి, పంజరంలో చూపించి డబ్బులడిగేవాళ్లు కనిపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఆ పంజరాన్ని ఫొటో తీసి మురిసిపోకండి, డబ్బులివ్వకండి, అటవీశాఖకు చెప్పండి. అభయారణ్యాల్లో కెమెరాకు వేరే టికెట్ ఉండొచ్చు, గేటు దగ్గర అడగండి. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయొద్దు.

తొమ్మిదో అడుగు: ఇంటికొచ్చాక

ఆ రోజే కార్డు ఖాళీ చేసి రెండు చోట్ల దాచండి. వందల్లో తీసినవాటిలో కన్ను షార్ప్‌గా లేనివన్నీ మొదటి చూపులోనే తీసేయండి. ఒకే భంగిమవి పది ఉంటే ఒక్కటి ఉంచండి. లైట్‌రూమ్ లాంటి దానిలో ఎక్స్‌పోజర్ సర్ది, నాయిజ్ తగ్గించి, కాస్త క్రాప్ చేస్తే చాలు. ఈకల రంగు మార్చకండి. పక్షిని గుర్తుపట్టేది ఆ రంగుతోనే, రేపు ఆ ఫొటో రికార్డుగా కూడా పనికొస్తుంది.

చూసిన పక్షుల జాబితా తేదీ, సమయంతో ఈబర్డ్‌లో పెట్టండి, ఫొటో జతచేయండి. మీ చెరువుకు ఏ ఏడాది వలస పక్షులు ఎప్పుడు వచ్చాయో అలా లెక్క మిగులుతుంది. మామూలు పక్షులకు ఊరి పేరు రాస్తే ఇంకొకరికి ఉపయోగం. గుడ్లగూబ కూర్చునే చెట్టు, గూడు, అరుదైన పక్షి అయితే మాత్రం జిల్లా పేరు దగ్గర ఆపేయండి. ఫొటో ఫైల్‌లో జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపినా, వెబ్‌లో పెట్టినా బయటికి రావచ్చు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసేసే ఆప్షన్ ఉంటుంది, దాన్ని టిక్ చేసి ఉంచండి.